పాడేటప్పుడు చెవిలో ఎకో కావాలి, ఆలస్యం వద్దు: ఇంటి రికార్డింగుకి ఏ దారి మంచిది?

పోయిన దసరాకి ముందు, గజపతినగరం వైపు నుంచి జముకుల కథ చెప్పే ఒక పెద్దాయన విజయనగరంలో మా ఇంటికి వచ్చారు. పైడితల్లమ్మ మీద తాను కట్టుకున్న పాట రికార్డు చేయించుకోవాలని ఆయన కోరిక. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను తిరిగేనాటికి ఆ పాట నలుగురి ఫోన్లలో ఉండాలన్నారు. వెనక గదిలో ఫ్యాన్ ఆపి, ఆయనకి హెడ్‌ఫోన్ పెట్టి, మైకు ముందు నిలబెట్టాను. రెండు చరణాలు కాకుండానే ఆగిపోయారు.

"బావూ, నా ఎనకాల ఇంకెవులో పాడతన్నారేటి?"

ముందు రోజు రాత్రి వేరే పాట మిక్సింగ్ చేస్తూ బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కోసారి ఎంత శబ్దం పోగుచేసుకోవాలో చెప్పే సెట్టింగ్) 1024లో పెట్టి అలాగే వదిలేశాను. అప్పుడు గొంతు మైకులోంచి కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి చెవికి చేరడానికి 43 మిల్లీసెకన్లు పైనే పడుతుంది. గాలిలో శబ్దం అంతసేపట్లో దాదాపు 15 మీటర్లు వెళ్తుంది. అంటే వాకిట్లో ఎవరో నిలబడి ఆయనతో పాటు పాడుతున్నట్టే లెక్క. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

వెంటనే కంప్యూటర్ మానిటరింగ్, అంటే కంప్యూటర్ గుండా గొంతు వినడం, తీసేసి ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కాను. అది గొంతుని కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా చెవికి పంపుతుంది. మళ్ళీ పాడారు. ఈసారి ఆగలేదు గానీ ముఖంలో ఉత్సాహం లేదు. "ఇప్పుడు నా గొంతే ఇనబడతంది. గోడకేసి పాడినట్టుంది" అన్నారు.

ఇంట్లో గొంతు రికార్డు చేసే ప్రతివాళ్ళ సమస్యా ఈ రెండు మాటల్లోనే ఉంది. ఎకో వినాలంటే కంప్యూటర్ గుండా రావాలి, అలా వస్తే ఆలస్యం. ఆలస్యం వద్దంటే నేరుగా వినాలి, అలా వింటే గొంతు పచ్చిగా, బోసిగా ఉంటుంది. దీనికి నాలుగైదు దారులున్నాయి. అన్నీ నేను వాడి చూసినవే. చాలామంది ఖరీదైన దారితో మొదలుపెడుతున్నారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. పది మందిలో ఏడెనిమిది మందికి దాని అవసరమే ఉండదు.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

కుళాయి దగ్గర బిందె నిండితే గానీ ఎత్తం కదా, కంప్యూటర్ కూడా శబ్దాన్ని అలాగే తీసుకుంటుంది. ఆ బిందె పేరే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళు (శబ్దపు చిన్న ముక్కలు) తీసేటప్పుడు, 256 శాంపిళ్ళ బఫర్ నిండడానికి 5.3 మిల్లీసెకన్లు పడుతుంది. 128కి 2.7, 64కి 1.3. లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె, కాబట్టి రెట్టింపు. దాని మీద కన్వర్టర్లు, డ్రైవర్ తమ వంతుగా మరికొంత కలుపుతాయి. 128 పెట్టుకుంటే మంచి డ్రైవర్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లో మొత్తం పది మిల్లీసెకన్ల లోపే తేలుతుంది.

గిటార్ వాళ్ళు పది మిల్లీసెకన్లు పట్టించుకోరు. పాడేవాళ్ళకి అలా కుదరదు. మన గొంతు మనకి ఎముకల గుండా అప్పటికే, ఏ ఆలస్యం లేకుండా వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద ఐదు మిల్లీసెకన్లు వెనకబడిన అదే గొంతు హెడ్‌ఫోన్‌లోంచి పడితే రెండూ కొన్నిచోట్ల కలిసిపోతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

ఇది చాలామంది తెలియక చేసే ఒక పొరపాటులో బాగా బయటపడుతుంది. డైరెక్ట్ మానిటర్ ఆన్‌లో ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ కూడా ఆన్‌లో ఉంటుంది. రెండూ సమానంగా వినిపిస్తూ మధ్య తేడా 5 మిల్లీసెకన్లు ఉంటే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర శబ్దం రద్దవుతుంది. 200, 400 దగ్గర రెట్టింపవుతుంది. 5 శ్రుతిలో పాడే అమ్మాయిని తీసుకోండి. ఆమె షడ్జమం 196 హెర్ట్జ్, పంచమం 294. సా నిండుగా ఉంటుంది, పా దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నబడిపోతుంది. మా మేనకోడలు మహారాజా సంగీత కళాశాలలో చదువుతోంది. సరిగ్గా ఇదే జరిగితే తన పంచమంలో దోషం ఉందనుకుని అరగంట సాధన చేసింది పాపం. దోషం ఆ అమ్మాయిది కాదు, నేను ఆపడం మరిచిపోయిన బటన్‌ది. గొట్టంలోంచి పాడినట్టు అనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే: గొంతు రెండు దారుల్లో వస్తోందేమో.

మొదటి దారి: ఏ ఎకో లేకుండా నేరుగా వినడం

స్కార్లెట్ సోలో, స్కార్లెట్ 2ఐ2, మోటు ఎం2, ఆడియంట్ ఈవో 4, ఏది తీసుకున్నా డైరెక్ట్ మానిటర్ ఉంటుంది. ఏటీ2020యూఎస్‌బీ ప్లస్ లాంటి యూఎస్‌బీ మైకుకి కూడా హెడ్‌ఫోన్ జాక్ ఉండి గొంతు అక్కడికక్కడే చెవికి వస్తుంది. మనకి తెలిసేంత ఆలస్యం ఉండదు. కొన్నిటిలో ఉత్త బటనే ఉంటుంది, ఈవో 4 లాంటి వాటిలో గొంతుకీ ట్రాక్‌కీ మధ్య బ్యాలెన్స్ సర్దుకోవచ్చు. బటన్ మాత్రమే ఉంటే గొంతు పెంచాలనుకున్నప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ని తగ్గించాలి, మైకు గెయిన్‌ని ముట్టుకోకూడదు. స్టీరియో, మోనో అని రెండు స్థానాలుంటే మోనోలో పెట్టండి, లేకపోతే గొంతు ఒక్క చెవిలోనే వస్తుంది.

శాస్త్రీయ సంగీతం పాడేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. ఎకో ఎక్కువైతే గమకం అంచులు చెరిగిపోతాయి, అపస్వరం ఆ తోకలో దాక్కుంటుంది. చెవిలో తంబురా, పచ్చి గొంతు, ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ కాస్త పక్కకి జరిపి గదిలో తన గొంతు తాను వినడం: ఇంతకన్నా నిజాయతీగా శ్రుతి చూపించే అమరిక లేదు. మా మేనకోడలు ఇప్పుడు ఇలాగే పాడుతోంది.

కానీ సినిమా పాట, భక్తి పాట, జానపదం పాడేవాళ్ళలో చాలామంది పచ్చి గొంతు వింటే బిగుసుకుపోతారు. వేదిక మీద ఎకోతో అలవాటైన గొంతు అది. వాళ్ళని డ్రైగా, అంటే ఏ ఎకో లేకుండా, పాడమనడం అన్యాయం. టేకు కూడా బాగా రాదు.

రెండో దారి: బఫర్ తగ్గించి సాఫ్ట్‌వేర్ గుండానే వినడం

కొత్తగా డబ్బు పెట్టక్కర్లేదు, ఏ ఎఫెక్ట్ అయినా వినొచ్చు. షరతులు మాత్రం ఉన్నాయి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (తక్కువ ఆలస్యంతో శబ్దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తప్పనిసరి. ఏసియో4ఆల్ అనేది సొంత డ్రైవర్ లేని పరికరాలకి సర్దుబాటు మాత్రమే. మ్యాక్‌లో ఈ బెడద లేదు, ఆ పని చేసే కోర్ ఆడియో అందులోనే ఉంటుంది. బఫర్ 64 గానీ 128 గానీ పెట్టాలి. అక్కడ పాత ల్యాప్‌టాప్‌లు చిటపటలాడతాయి.

చిటపటకి నా దగ్గర మందు ఒకటుంది. ముప్పై ట్రాకుల ప్రాజెక్టు తెరిచి అందులోనే గొంతు రికార్డు చేయకండి. సంగీతం మొత్తాన్ని ఒక స్టీరియో ఫైలుగా తీసి, కొత్త ఖాళీ ప్రాజెక్టులో పెట్టి, పక్కన గొంతు ట్రాక్ ఒక్కటే తెరవండి. వైఫై ఆపేయండి, పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. ఎనిమిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్ కూడా 128లో నిలకడగా నడవడం ఇలాగే చూశాను. రికార్డయిన గొంతుని తర్వాత పెద్ద ప్రాజెక్టులోకి తెచ్చుకుంటే సరిపోతుంది.

బఫర్ ఎంత తగ్గించినా ఆలస్యం పోవట్లేదంటే ఎక్కడో ఒక ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో వేసే ఎఫెక్ట్) తినేస్తోందని అర్థం. లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు, ముందు చూపుతో పనిచేసే లిమిటర్లు సొంతంగా ఆలస్యం కలుపుతాయి. మాస్టర్ మీద అలాంటిది ఒక్కటున్నా చాలు, మొత్తం వెనకబడుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో, లాజిక్‌లో లో లేటెన్సీ మోడ్, క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ అనేవి ఇందుకే ఉన్నాయి.

మూడో దారి: గొంతు నేరుగా, ఎకో మాత్రం కంప్యూటర్ నుంచి

నేను ఎక్కువగా వాడేది ఇదే. తెలిసినవాళ్ళు తక్కువ, అందుకే వివరంగా చెబుతాను.

గుడి మంటపంలో పాడితే గొంతు చెవికి వెంటనే చేరుతుంది, గోడల నుంచి తిరిగొచ్చే నాదం కాసేపాగి వస్తుంది. ఆ ఆలస్యం మనకి ఇబ్బందిగా ఉండదు, అందులోనే అందం ఉంది. స్టూడియోల్లో గొంతు మీద రివర్బ్ (మనం ఎకో అంటున్న, గోడల నుంచి తిరిగొచ్చినట్టుండే నాదం) వేసేటప్పుడు అది మొదలయ్యే ముందు ప్రీడిలే అని 20, 30 మిల్లీసెకన్లు కావాలనే పెడతారు. అంటే ఆలస్యమైతే ఓర్చుకోలేనిది అసలు గొంతు ఒక్కటే. రివర్బ్ తోక ఆలస్యమైనా ఏమీ కాదు.

కాబట్టి గొంతుని డైరెక్ట్ మానిటర్‌కి వదిలేసి, కంప్యూటర్ నుంచి రివర్బ్ తోకను మాత్రమే తెచ్చుకోవాలి. బఫర్ 512లో ఉన్నా తోక పాతిక మిల్లీసెకన్ల దాకా వెనకబడుతుంది, అదే ప్రీడిలే అయి కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ మీద భారం లేదు, చిటపట లేదు, గొంతులో ఆలస్యం లేదు.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా చేస్తాను. 'గొంతు' అనే ట్రాక్ పెట్టి మైకు ఇన్‌పుట్ ఇచ్చి, రికార్డ్ ఆర్మ్ చేసి (రికార్డుకి సిద్ధంగా పెట్టి), దాని మానిటరింగ్ ఆపేస్తాను. రికార్డయ్యేది ఇక్కడే, శుభ్రమైన పచ్చి గొంతు. 'వినేది' అని ఇంకో ట్రాక్ పెట్టి అదే మైకు ఇన్‌పుట్ ఇస్తాను. దీన్ని ఆర్మ్ చేసి, మానిటరింగ్ ఆన్ చేసి, రికార్డ్ మోడ్‌లో రికార్డు చేయకుండా ఇన్‌పుట్ మానిటరింగ్ మాత్రమే అనే ఎంపిక పెడతాను. దీని మీద రీవర్బేట్ అనే రివర్బ్ ప్లగిన్ వేసి, వెట్ (తోక) పైకి తీసుకెళ్ళి, డ్రైని (అసలు గొంతు) పూర్తిగా అడుక్కి దించేస్తాను. ఇదే ముఖ్యం. డ్రై కొంచెం మిగిలినా ఇందాక చెప్పిన గొట్టం శబ్దం వచ్చేస్తుంది. ప్లగిన్‌లో ప్రీడిలే ఉంటే సున్నా చేయండి, బఫర్ ఇచ్చేది చాలు. చివరగా ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆన్ చేస్తాను. ఎకో ఎంత కావాలో 'వినేది' ట్రాక్ ఫేడర్‌తోనే సర్దుకోవచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ పద్ధతి ఇదే, బటన్ల పేర్లే వేరు.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఒక్క క్షణం ఆపి "టక్" అని నాలుకతో చప్పుడు చేయండి. దూరం నుంచి మోగినట్టు తోక మాత్రమే వినిపించాలి. దగ్గరగా, స్పష్టంగా "టక్" వినిపిస్తే డ్రై ఇంకా ఎక్కడో కారుతోంది.

ఆ రోజు పెద్దాయనకి ఇలాగే పెట్టాను. బఫర్ 512. కళ్ళు మూసుకుని ఒక రాగం తీసి, ఆగి, ఆ తోక వినడం పూర్తయ్యాక నవ్వారు. "గుళ్ళో ఉన్నట్టుంది బావూ" అన్నారు. పాట మొత్తం రెండో టేకులో అయిపోయింది.

దీనికీ హద్దుంది. రివర్బ్, డిలే వరకే పనికొస్తుంది. కంప్రెషన్, ఈక్వలైజర్, శ్రుతి దిద్దే ట్యూనింగ్ లాంటివి అసలు గొంతునే మార్చేవి, వాటిని తోకగా విడదీయలేం. అవి వింటూనే పాడాలంటే రెండో దారి గానీ నాలుగో దారి గానీ పట్టాలి.

నాలుగో దారి: ఎఫెక్టులు లోపలే ఉన్న ఇంటర్‌ఫేస్

వీటిలో చిన్న ప్రాసెసర్ ఒకటి ఉండి, కంప్యూటర్‌తో పని లేకుండా రివర్బ్ వేసి చెవికి పంపుతుంది. స్టైన్‌బర్గ్ యూఆర్22సీలో రెవ్-ఎక్స్ రివర్బ్, ఒక ఛానల్ స్ట్రిప్ ఉంటాయి, డీఎస్‌పీమిక్స్ఎఫ్ఎక్స్ అనే యాప్‌తో సర్దుకోవాలి. ఆ రివర్బ్‌ని చెవికి మాత్రమే పంపి, గొంతుని డ్రైగానే రికార్డు చేయొచ్చు. కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చూడండి: పాత యూఆర్12, యూఆర్22 ఎంకే2 లలో ఈ ప్రాసెసర్ లేదు.

యమహా ఏజీ03 ఇంకో రకం. చూడ్డానికి చిన్న మిక్సర్, మీద కంప్రెసర్-ఈక్వలైజర్‌కి ఒక బటన్, ఎఫెక్ట్‌కి ఒక బటన్. ఫోన్ లైవ్ పెట్టేవాళ్ళకి, సాఫ్ట్‌వేర్ అంటే భయపడేవాళ్ళకి ఇది హాయి. రికార్డు చేసేటప్పుడు కంప్యూటర్‌కి పంపే స్విచ్‌ని డ్రై స్థానంలో పెట్టడం మరవకండి. మైకు ఇన్‌పుట్ మాత్రం ఒక్కటే.

యూనివర్సల్ ఆడియో అపోలో సోలో పైమెట్టు. గొంతు మీద కంప్రెసర్, ప్రీఆంప్ మోడల్, శ్రుతి దిద్దే ఆటోట్యూన్ రియల్‌టైమ్ దాకా కన్సోల్ యాప్‌లో వేసుకుని, రెండు మిల్లీసెకన్లు కూడా తేడా తెలియకుండా వినొచ్చు. ఆటోట్యూన్ వింటూనే పాడే శైలి మీదైతే, దాని మీద సంపాదన ఉంటే, ఇది సరైన పెట్టుబడి. కేవలం ఎకో కోసమే అయితే వద్దని గట్టిగా చెబుతాను. ఆ డబ్బులో ఒక మామూలు ఇంటర్‌ఫేస్, మంచి మైకు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, గదికి నాలుగు మందపాటి దుప్పట్లు వస్తాయి. వినేవాళ్ళకి తెలిసే తేడా వీటివల్లే వస్తుంది.

ఐదో దారి: ఎఫెక్టులున్న మిక్సర్

భజన బృందాలు, చిన్న కార్యక్రమాలు చేసేవాళ్ళ దగ్గర ఇది ఎలాగూ ఉంటుంది. ఎకో వెంటనే వినిపిస్తుంది, నాబ్ తిప్పితే చాలు. కానీ యూఎస్‌బీ ఉన్న చిన్న మిక్సర్లు చాలావరకు మొత్తం కలిసిన స్టీరియో మిక్స్‌నే కంప్యూటర్‌కి పంపుతాయి. ఎకో కూడా గొంతుతో కలిసి రికార్డయిపోతుంది, తర్వాత విడదీయలేం. నేను మొదట్లో కొన్న మిక్సర్‌తో ఒక హరికథ మొత్తం, గంటన్నర, ఇలా రికార్డు చేసి తెచ్చాను. ఇంటికొచ్చి విన్నాక గుండె జారిపోయింది. సాహిత్యం స్పష్టంగా ఉండాల్సిన చోటల్లా హాలు మోత. ఆ కథకుడు మళ్ళీ అంత బాగా చెప్పే సాయంత్రం దొరకలేదు. మిక్సర్ ఇప్పటికే ఉంటే వాడుకోండి, కానీ ముందు పది సెకన్లు రికార్డు చేసి, ఫైలులో ఎకో ఉందో లేదో విని చూసుకున్నాకే మొదలుపెట్టండి.

మరి ఎవరికి ఏది

కరోకే మీద సినిమా పాటలు, భక్తి పాటలు పాడేవాళ్ళు రెండు ఇన్‌పుట్ల మామూలు ఇంటర్‌ఫేస్ తీసుకుని మూడో దారి పట్టండి. హెడ్‌ఫోన్ జాక్ ఉన్న యూఎస్‌బీ మైకుతో కూడా ఇది నడుస్తుంది. డ్రైవర్ కాస్త నెమ్మదిగా ఉన్నా తోక మాత్రమే కాబట్టి సర్దుకుపోతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలకి మొదటి దారి చాలు, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ రూటింగ్ అంటే తల తిరిగేవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు తమంతట తామే ఆన్ చేసుకుని పాడుకోవాలనుకుంటే, ఏజీ03 ఇచ్చే సుఖం వేరు. ఇద్దరు కలిసి పాడతారంటే యూఆర్22సీ. శ్రుతి దిద్దిన గొంతు వింటేనే పాడగలిగేవాళ్ళు ముందు రెండో దారిని 64 బఫర్‌తో నెల రోజులు ప్రయత్నించి, అది చాలకపోతేనే అపోలో వైపు చూడండి.

ఏ దారి పట్టినా బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం పక్కన పెట్టేయండి. సాధారణంగా అందులోనే వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది, ఇప్పటిదాకా చేసిందంతా వృథా. వైరు ఉన్నది, చెవిని పూర్తిగా మూసేది తీసుకోండి. ఏటీహెచ్-ఎం20ఎక్స్ చాలు. ట్రాక్ సౌండు మైకులోకి కారకుండా ఉండాలన్నా అదే కావాలి. సౌండు మరీ పెంచకండి. చెవిలో మోత ఎక్కువైతే శ్రుతి మెల్లగా కిందికి జారడం నేను చాలామందిలో చూశాను.

మన దగ్గర సాయంత్రాలు కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు హెడ్‌ఫోన్‌లో గుయ్యిమనే హమ్ వస్తే, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేయండి. చాలాసార్లు అక్కడితో పోతుంది.

ఇంటర్‌ఫేస్ కొన్న వారం లోపు, రిటర్న్ గడువు ఉండగానే, ఒక పరీక్ష చేయండి. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ కలపండి, గెయిన్ తక్కువలో ఉంచి, డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ రెండూ ఆపేయండి. ఒక ట్రాక్‌లో క్లిక్ ప్లే చేస్తూ ఇంకో ట్రాక్‌లో దాన్ని రికార్డు చేయండి. పెద్దగా చేసి చూస్తే రెండు క్లిక్కులూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా పడాలి. రికార్డయినది వెనకబడి ఉంటే డ్రైవర్ తన ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్‌కి తప్పుగా చెబుతోందన్నమాట. అలాంటప్పుడు చెవికి అంతా బాగానే వినిపించినా, మీరు పాడిన ప్రతి టేకూ తాళానికి అంత వెనకే పడుతుంది. ఎన్ని శాంపిళ్ళు తేడా ఉందో లెక్కపెట్టి సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి. 48 కిలోహెర్ట్జ్‌లో 480 శాంపిళ్ళంటే 10 మిల్లీసెకన్లు. పరీక్ష మళ్ళీ మళ్ళీ చేసినప్పుడు తేడా ప్రతిసారీ మారుతూ ఉంటే మాత్రం ఆఫ్‌సెట్‌తో కుదరదు. ఆ పెట్టెని తిరిగి పంపేయండి.